పదవి లేని మనిషి కథ: నాయకుడి భార్య నవలైనప్పుడు

శాసనసభకో లోక్‌సభకో పోటీ చేసే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే అఫిడవిట్ దాఖలు చేయాలి. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితంగా వచ్చిన ఈ పత్రంలో అభ్యర్థి కాలమ్ పక్కనే జీవిత భాగస్వామికీ ఒక కాలమ్ ఉంటుంది. ఆమె పాన్ నంబరు, గత ఐదేళ్ల రిటర్నుల్లో చూపిన ఆదాయం, చేతిలో ఉన్న నగదు, బ్యాంకు ఖాతాలు, బంగారం తూకం, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల భూమి ఉందన్న లెక్క అందులో కనిపిస్తాయి. వృత్తి దగ్గర చాలాసార్లు ‘గృహిణి’ అన్న ఒక్క మాటే ఉంటుంది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఓటరుకు తమ నాయకుడి భార్య గురించి అధికారికంగా తెలిసేది ఇంతే. నామినేషన్‌కు బయలుదేరేటప్పుడు గడప దగ్గర భర్తకు బొట్టు పెట్టి హారతి ఇస్తున్న ఫొటో ఒకటి, బతుకమ్మ నాడు మహిళా సంఘాల మధ్య నిలబడ్డ ఫొటో ఒకటి దీనికి తోడు. ఆమె ఆస్తి ఎంతో జనానికి తెలుస్తుంది. భర్త తీసుకునే నిర్ణయాల మీద ఆమెకు ఏ అభిప్రాయం ఉందో, అసలు ఉందో లేదో తెలిసే దారి లేదు.

నవలాకారులను ఇటువైపు లాగేది ఈ ఖాళీయే. ఆ ఖాళీని అతి దగ్గరగా వెళ్లి చూసిన నవలల్లో ముందు చెప్పుకోవలసింది అమెరికన్ రచయిత్రి కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్ రాసిన ‘అమెరికన్ వైఫ్’. జార్జ్ డబ్ల్యూ. బుష్ ఇంకా అధ్యక్ష భవనంలో ఉండగానే, 2008 సెప్టెంబరులో అది వెలువడింది. నవలలో బుష్ పేరు గానీ ఆయన భార్య లారా పేరు గానీ ఎక్కడా కనిపించవు. టెక్సస్ రాష్ట్రం విస్కాన్సిన్ అయింది. లారా ఆలిస్ లిండ్‌గ్రెన్ అయింది, భర్త చార్లీ బ్లాక్‌వెల్ అయ్యాడు, ఇద్దరు కవల కూతుళ్లు ఒక్క కూతురయ్యారు, బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ స్థానంలో మిల్వాకీ జట్టు వచ్చింది. ఇన్ని మార్చినా ఏ పాఠకుడికీ అనుమానం మిగలదు. బడిలో లైబ్రేరియన్‌గా పనిచేసిన నెమ్మదైన యువతి 1977లో, పలుకుబడి గల రాజకీయ కుటుంబంలోని అల్లరి కుర్రవాణ్ణి పరిచయమైన కొద్ది నెలలకే పెళ్లాడటం, అతని తాగుడును ఏళ్ల తరబడి భరించడం, అతను దైవభక్తి వైపు మళ్లి తాగుడు మానడం, ఆ తర్వాత గవర్నరు, అధ్యక్షుడు కావడం అన్నీ లారా బుష్ జీవిత రేఖలే. రచయిత్రి బుష్‌కు చెందిన రిపబ్లికన్ పార్టీ అభిమాని కాదు, ఎదుటి పక్షమైన డెమోక్రాట్. అయినా 2004లోనే లారా బుష్ మీద అభిమానంతో ఒక వ్యాసం రాసింది. భర్త రాజకీయాలు నచ్చని ఒక మనిషి, అతని భార్యను ఇష్టపడటంలో ఉన్న ఇబ్బందే ఈ నవలకు మూలం.

పేర్లు మార్చడం తేలికైన పని. ఏది మార్చకూడదని రచయిత్రి నిర్ణయించుకుందో చూసినప్పుడే ఈ నవల పద్ధతి అర్థమవుతుంది. 1963 నవంబరు 6న, పదిహేడో పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు, టెక్సస్‌లోని మిడ్‌లాండ్ పట్టణ శివార్లలో లారా కారు నడుపుతూ ఒక కూడలిలో ఆగమన్న గుర్తును దాటి వెళ్లి ఇంకో కారును ఢీకొట్టింది. ఆ రెండో కారు నడుపుతున్నది ఆమె బడిలోనే చదివే స్నేహితుడు. అతను చనిపోయాడు. ఆమె మీద కేసు పెట్టలేదు. భర్త రాజకీయాల్లో ఎదిగిన కాలమంతా ఈ సంఘటన గురించి లారా బహిరంగంగా చెప్పింది చాలా తక్కువ. సిట్టెన్‌ఫెల్డ్ ఊరిని, రాష్ట్రాన్ని, మనుషుల పేర్లను మార్చింది గానీ ఈ ప్రమాదాన్ని మాత్రం వదల్లేదు. నవలలో ఆలిస్ పదిహేడేళ్ల వయసులో అలాంటి కూడలిలోనే ఆండ్రూ అనే అబ్బాయి చావుకు కారణమవుతుంది. పైగా వాళ్లిద్దరి మధ్య ప్రేమ అప్పుడప్పుడే మొదలవబోతోంది. దేశంలో అతి పెద్ద పదవిలో ఉన్నవాడి భార్యకు, తన చేతిలో ఒక ప్రాణం పోయిందన్న సంగతి లోపల ఎంత బరువుగా ఉంటుంది, ఆ బరువు మోసే మనిషి యుద్ధంలో చనిపోతున్న సైనికుల వార్తలు ఎలా వింటుంది అన్న ప్రశ్న నవల నడకనంతా నిర్ణయిస్తుంది. 2010లో వచ్చిన ఆత్మకథలో లారా బుష్ ఆ ప్రమాదం గురించి వివరంగా రాసింది. ఆ నవంబరులో పోయిన దైవ విశ్వాసం చాలా ఏళ్లు తిరిగి రాలేదని ఒప్పుకుంది. అంటే ఆమె నోరు విప్పడానికి రెండేళ్ల ముందే ఒక నవల ఆమె అపరాధ భావాన్ని ఊహించి రాసేసింది. ఇందులో నవలా కళ గొప్పతనం ఎంత ఉందో, ఒకరి గాయం మీద ఆమె అనుమతి లేకుండా చెయ్యి వేయడం కూడా అంతే ఉంది. రెండింటిలో ఏదో ఒకదాన్నే చూసే సమీక్ష సగం సమీక్షే.

ప్రమాదం తర్వాత కథ వెళ్లిన దారి దగ్గరే అసలు అభ్యంతరం మొదలవుతుంది. దుఃఖంలో ఉన్న ఆలిస్ చనిపోయిన కుర్రవాడి అన్నతో శారీరక సంబంధంలోకి వెళ్తుంది. గర్భవతి అవుతుంది. నానమ్మకు ఆప్తురాలైన ఒక డాక్టరు ఆమెకు గర్భస్రావం చేస్తుంది. దశాబ్దాల తర్వాత, అధ్యక్షుడు గర్భస్రావాన్ని వ్యతిరేకించే న్యాయమూర్తిని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు, వృద్ధురాలైన ఆ డాక్టరు ఈ రహస్యాన్ని బయటపెడతానంటుంది. కథనం దృష్ట్యా ఇది గట్టి పన్నాగమే. భార్య దేహంలో జరిగినదానికీ భర్త సంతకంతో జరగబోయేదానికీ ముడి పడుతుంది. కానీ ఈ భాగం పూర్తిగా కల్పితం. ప్రమాదం నిజమని పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి, తెలిసిన నిజం పక్కన కూర్చోబెట్టిన కల్పన తానూ నిజంలాగే కనిపిస్తుంది. జీవించి ఉన్న ఒక స్త్రీ గురించి ‘ఏమో, జరిగే ఉంటుందేమో’ అనే అనుమానం లక్షలమంది మనసుల్లో నాటినట్టవుతుంది. పేరు మార్చడం రచయితను కోర్టు నుంచి కాపాడవచ్చు గానీ, ఆ స్త్రీని ఈ అనుమానం నుంచి కాపాడదు. పడకగది దృశ్యాలకూ ఇదే వర్తిస్తుంది. ప్రజా జీవితానికి సంబంధించిన ప్రశ్న వేయడానికి కల్పన ఎంత దూరం వెళ్లినా సమర్థించవచ్చు. ఆ ప్రశ్నకు అక్కరలేని చోటికి వెళ్లినప్పుడు సమర్థన కష్టం. ఈ నవలలో గర్భస్రావం ఘట్టం ఆ ప్రశ్నకు అవసరమైనదే, పడకగది వర్ణనల్లో చాలా భాగం అవసరం లేనిదే అన్నది ఈ వ్యాసం అభిప్రాయం.

నవలకు నాలుగు భాగాలు. నాలుగింటికీ ఆలిస్ నివసించిన ఇళ్ల చిరునామాలే పేర్లు, చివరిది వైట్‌హౌస్ చిరునామా. వీటిలో మధ్య భాగాల్లోని సంసారమే అన్నిటికన్నా సజీవంగా ఉంది. డబ్బూ హోదా ఉన్న పెద్ద కుటుంబానికి కోడలుగా వెళ్లిన చిన్న ఊరి మధ్యతరగతి అమ్మాయి, అత్తగారి చురకలను, వేసవి విడిదిలో కుటుంబమంతా కలిసి చెప్పుకునే, తనకు మాత్రం అర్థం కాని పాత పరిహాసాలను మౌనంగా గమనిస్తుంది. దొరల ఇళ్లలోకో, రెండు మూడు తరాలుగా రాజకీయాల్లో ఉన్న ఇళ్లలోకో కోడళ్లుగా వెళ్లినవారిని చూసిన ఉత్తర తెలంగాణ పాఠకులకు ఈ పుటలు పరాయివిగా అనిపించవు. భర్త మాటతో ఏకీభవించనప్పుడు ఆమె వాదించదు, మాట మార్చదు, ఊరుకుంటుంది. మొదట్లో అది మర్యాద. కొన్నేళ్లకు అలవాటు. భర్త గవర్నరు అయ్యేనాటికి అదే ఆమె ఉద్యోగమవుతుంది. ఒక మనిషి మౌనం ఇలా మెట్టు మెట్టుగా వృత్తిగా మారడాన్ని ఇంత ఓపికగా చూపించిన నవలలు తక్కువ. వైట్‌హౌస్ భాగానికి వచ్చేసరికి మాత్రం వార్తాపత్రికల్లో చదివిన సంఘటనలు కథలోకి గుంపుగా వచ్చి పడతాయి. పాత్రలు ఊపిరి పీల్చుకోవడానికి చోటుండదు.

అయినా నవల వేసిన అసలు ప్రశ్న ఆ చివరి భాగంలోనే ఉంది. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి అధ్యక్షుణ్ణి కలవాలని పట్టుబట్టి కూర్చుంటాడు. 2005లో బుష్ నివాసం ఉన్న క్రాఫోర్డ్ దగ్గర ఒక సైనికుడి తల్లి, సిండీ షీహన్, చేసిన నిరసనకు ఇది నీడ. అధ్యక్షుడు కలవడు, ఆలిస్ వెళ్లి కలుస్తుంది. చివరికి ఆమె పాఠకులతో అనేదేమిటంటే, తాను అతణ్ణి పెళ్లి మాత్రమే చేసుకుంది, అధికారం ఇచ్చింది ఓటర్లు. పైగా 2000 ఎన్నికల్లో తన ఓటు భర్త ప్రత్యర్థికి వేశానని కూడా చెబుతుంది. ఈ జవాబు వినడానికి బలంగా ఉంది, పరిశీలిస్తే సగమే నిలబడుతుంది. ఎన్నికల్లో భార్య ఊరికే పక్కన నిలబడదు. మన దగ్గర ఆమె వాడవాడలా తిరిగి ఆడవాళ్లకు బొట్టు పెడుతుంది, పొదుపు సంఘాల సమావేశాల్లో కూర్చుంటుంది, పెళ్లిళ్లకూ పరామర్శలకూ భర్త వెళ్లలేని చోటికి వెళ్తుంది. ‘ఆమె మంచిది, ఆయన ఎట్లున్నా పర్వాలేదు’ అనుకుని వేసిన ఓట్లు ప్రతి నియోజకవర్గంలోనూ ఉంటాయి. తన మంచితనాన్ని భర్తకు అప్పుగా ఇచ్చిన మనిషి, ఆ అప్పుతో జరిగినదానితో తనకు సంబంధం లేదనలేదు. ఈ విషయం రచయిత్రికి తెలియక కాదు. అందుకే నవలను అధ్యక్ష భవనంలో నిద్రపట్టని రాత్రితో మొదలుపెట్టింది. పక్కన భర్త నిద్రపోతుంటే, తాను ఘోరమైన తప్పులు చేశానా అని ఆలిస్ తనను తాను అడుగుతుంది. చివరి జవాబు ఎంత గట్టిగా పలికినా మొదటి ప్రశ్న ఆరిపోదు.

సిట్టెన్‌ఫెల్డ్ 2020లో ‘రాడమ్’ అనే ఇంకో నవల రాసింది. అందులో అసలు పేర్లే ఉంచి సంఘటనలను మార్చింది. హిల్లరీ రాడమ్ బిల్ క్లింటన్‌ను పెళ్లి చేసుకోకపోతే ఏమయ్యేదన్నది అక్కడి ఊహ. అది ఊహేనని మొదటి నుంచీ అందరికీ తెలుసు కాబట్టి, నిజమా కల్పనా అన్న అనుమానం ఆ నవలలో చాలా తక్కువ. చిత్రమేమిటంటే అసలు పేర్లున్న నవలే తక్కువ హాని చేసింది.

భారతదేశంలో ఇలాంటి పుస్తకం ఎదుర్కొన్న దారి వేరు. స్పానిష్ రచయిత హవియర్ మోరో సోనియా గాంధీ జీవితాన్ని నవలా రూపంలో రాసిన ‘ఎల్ సారీ రోహో’ 2008లోనే స్పెయిన్‌లో వచ్చింది. 2010లో కాంగ్రెస్ న్యాయవాదుల నుంచి నోటీసులు వెళ్లాయి. ఎన్నడూ జరగని సంభాషణలను జరిగినట్టు రాశారన్నది ప్రధాన అభ్యంతరం. ‘ది రెడ్ సారీ’గా ఆ పుస్తకం భారతీయ పాఠకుల చేతికి అందింది 2015 జనవరిలో. తెలుగు వాళ్లకు దీనికన్నా దగ్గరి ఉదాహరణ ఎన్.టి. రామారావు చివరి ఏళ్లను లక్ష్మీపార్వతి వైపు నుంచి చెప్పిన 2019 నాటి సినిమా. అది తెలంగాణలో మార్చిలోనే విడుదలైంది, ఎన్నికల కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో ఆగింది. రెండు సందర్భాల్లోనూ చర్చ అంతా ఏ పార్టీకి లాభం, ఏ పార్టీకి నష్టం అన్నదాని చుట్టూనే తిరిగింది. కథలోని స్త్రీకి న్యాయం జరిగిందా అని అడిగినవాళ్లు తక్కువ.

చట్టంలోనూ భార్య స్థానం స్పష్టంగా లేదు. ఆర్. రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఏకాంత హక్కుకు హద్దులు గీసింది. కుటుంబం, వివాహం, సంతానం, మాతృత్వం, విద్య వంటి విషయాలను ఒక వ్యక్తి అనుమతి లేకుండా ప్రచురించకూడదన్నది సూత్రం. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నదాన్ని ప్రచురించవచ్చు. ప్రభుత్వ పదవిలో ఉన్నవారు తమ విధి నిర్వహణ మీద వచ్చే విమర్శను ఈ హక్కు పేరుతో అడ్డుకోలేరు. తనంతట తాను వివాదంలోకి దిగిన వ్యక్తి విషయంలో ఈ రక్షణ సడలవచ్చు. ఇప్పుడు నాయకుడి భార్యను ఇందులో ఎక్కడ పెట్టాలి? ఆమెకు పదవి లేదు. ఆమె భూముల వివరాలు మాత్రం అఫిడవిట్ ద్వారా రికార్డుకు ఎక్కాయి. ప్రచార వాహనం ఎక్కి చేతులు జోడించడం తనంతట తాను ప్రజా జీవితంలోకి దిగడమవుతుందా, ఇంటివాళ్లు రమ్మంటే కాదనలేక రావడమవుతుందా? నవలాకారుడి స్వేచ్ఛ ఎంతన్నది చాలావరకు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది, అది మనిషి మనిషికీ మారుతుంది.

ఉత్తర తెలంగాణ వరకు చూస్తే, రాజకీయ జీవితాన్ని నవలగా మార్చిన ప్రసిద్ధ ఉదాహరణ పి.వి. నరసింహారావుదే. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, మంథని నుంచి శాసనసభకు వెళ్లిన ఆయన, ప్రధాని పదవి నుంచి దిగిన తర్వాత 1998లో ‘ది ఇన్‌సైడర్’ ప్రచురించారు. తెలుగులో అది ‘లోపలి మనిషి’గా వచ్చింది. ఆనంద్ అనే నాయకుడి పేరుతో తన జీవితాన్నే కల్పిత రాష్ట్రంలోకి మార్చి రాసుకున్నారన్నది అందరూ ఎరిగినదే. అందులో లోపలి మనిషి నాయకుడే, ఇంటి లోపలి మనిషి కాదు. పీవీ భార్య సత్యమ్మ 1970లో, ఆయన ముఖ్యమంత్రి కావడానికి ముందే చనిపోయారు. భర్త ఊళ్లు తిరుగుతున్నంత కాలం ఎనిమిది మంది పిల్లలున్న ఇంటిని నడిపిన మనిషి చూసిన రాజకీయం ఏమిటో ఏ నవలా చెప్పలేదు. ఇదే పీవీ, హరి నారాయణ్ ఆప్టే రాసిన మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారని గుర్తు చేసుకోవాలి. చిన్న వయసులోనే వితంతువైన ఒక స్త్రీ తన కథను తానే చెప్పుకుంటున్నట్టు ఒక పురుషుడు రాసిన నవల అది. స్త్రీ గొంతుతో మాట్లాడే పాత్రను అంత శ్రద్ధగా అనువదించిన రచయిత, తన సొంత నవలలో ఆ గొంతును నడిపించే అవకాశం తీసుకోకపోవడం సాహిత్యానికి నష్టం.

స్త్రీలు చెప్పడానికి వెనకాడారనడానికీ లేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు దళాల గురించి, పార్టీ గురించి, భర్తల గురించి, అడవిలో పిల్లల్ని వదులుకోవలసి వచ్చిన రోజుల గురించి తమ పేర్లతోనే మాట్లాడారు. ఉద్యమం ముగిసిన మూడున్నర దశాబ్దాల తర్వాత, పోగొట్టుకోవడానికి అధికారమేమీ మిగలని స్త్రీలు చెప్పిన మాటలవి. అధికారంలో ఉన్న ఇంటి నుంచి అలాంటి మాట రావడం కష్టం. నవల అవసరం అక్కడే.

అయితే ఆ నవల ఇక్కడ రాస్తే, అమెరికా నమూనా యథాతథంగా పనికిరాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో సర్పంచ్ పదవుల్లో సగం స్త్రీలవి. చాలా ఊళ్లలో ఓటు పడ్డది భార్యకు, ‘సర్పంచ్ సాబ్’ అని జనం పిలిచేది భర్తను. అదే చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం చేయాలి. చెక్కు వంటింటి దాకా వస్తుంది, ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి తడి చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెడుతుంది, ఆ డబ్బు ఏ మోరీకి, ఏ సీసీ రోడ్డుకు వెళ్తున్నదో భర్తకు తెలుస్తుంది. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు మాత్రం ఆమె పేరునే వస్తుంది. ఆలిస్ చెప్పుకున్న జవాబు ఇక్కడ తలకిందులవుతుంది. జనం అధికారం ఇచ్చింది ఈమెకే. వాడుకుంటున్నది, ఏ ఓటూ పడని జీవిత భాగస్వామి. అతని కోణం నుంచి రాసినా, ఆమె కోణం నుంచి రాసినా ఇది తెలుగులో ఇంకా సరిగా తవ్వని చేను.

రాయబోయే రచయితకు ఒక చిక్కు ముందే ఎదురవుతుంది. సిట్టెన్‌ఫెల్డ్ టెక్సస్ కథను విస్కాన్సిన్‌కు తరలించి పాత్రను కొంతైనా కప్పింది. పరకాల దగ్గరి కథను కడపకు తరలిస్తే ఆ మనిషి మాట్లాడే భాషే పోతుంది, భాష పోతే మనిషే పోతుంది. ఊరు మార్చకుండా పేరు ఒక్కటే మార్చితే, ఇంటిపేరు, కులం, పక్క ఊరితో ఉన్న వియ్యం, చెరువు కట్ట మీద జరిగిన ఒకానొక గొడవ చాలు, మండలమంతా ఆమెను గుర్తుపట్టడానికి. కాబట్టి ఇక్కడి నవలాకారుడు దాచే పని చోటుతో కాకుండా కాలంతో చేయవలసి రావచ్చు. రెండు మూడు ఎన్నికల వెనక్కి కథను జరపడమో, నలుగురైదుగురు సర్పంచుల జీవితాలను కలిపి ఒక్క మనిషిగా మలచడమో చేయాలి. అలా మలిచేటప్పుడు ఆ నలుగురిలో ఎవరి నిజ సంఘటనను ఉన్నదున్నట్టు ఉంచాలన్నది, సిట్టెన్‌ఫెల్డ్ ఆ కూడలి ప్రమాదాన్ని ఉంచినంత ఆలోచనతోనే తేల్చుకోవాలి. వీలైతే ఆ సంఘటన ఎవరిదో ఆమెను ముందుగా అడిగి తేల్చుకోవాలి.